మేనేజరు సొట్ట, డాక్టరు గీత

డ్రైవింగ్ నేర్పడానికి క్లచ్ మాస్టారు వాడే మాటలు మహా అయితే ఐదారు ఉంటాయేమో. అందులో సగం "క్లచ్" అన్నదే. బండి ముందుకు ఉరికినా క్లచ్, నడిరోడ్డు మీద ఆగిపోయినా క్లచ్, ఎదురుగా బస్సు మీదికి వస్తున్నా క్లచ్. ఇంట్లో టీ చల్లారిపోయినా ఆయన నోట ముందు ఆ మాటే వస్తుందనీ, తర్వాత సర్దుకుని "టీ" అంటాడనీ ఆయన భార్య చెబుతుంది. అసలు పేరు బోర్డు మీద ఉంది. ఎండకి వెలిసిపోయిన ఆ బోర్డుని చదివే ఓపిక మాత్రం ఎవరికీ లేదు. దాని కింద ఎర్ర అక్షరాల్లో ఉన్న ఒక్క ముక్కని ఆయన ఏటా దగ్గరుండి దిద్దిస్తాడు: "పార్కింగ్ పరీక్షలో మావాళ్లు తప్పరు."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పార్కింగ్ పరీక్షంటే, ప్లాస్టిక్ స్తంభాల మధ్యకి బండిని వెనక్కి తోలి, దేన్నీ తాకకుండా నిలపాలి. తలపండినవాళ్లు కూడా అక్కడ చెమటలు కక్కుతారు. మాస్టారి శిష్యులు మాత్రం వెన్నలో కత్తి దిగినట్టు దిగిపోతారు. ఆ కిటుకంతా బండి ఒంటి మీదే ఉంది.

స్కూలంటే ఆ ఒక్క కారే. ఏళ్ల తరబడి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తలా ఒక గుర్తు దాని మీద వదిలి వెళ్లారు. బానెట్ మీద నిమ్మకాయంత సొట్ట ఒక బ్యాంకు మేనేజరు చలవ. బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కి, నిలబడి ఉన్న తోపుడుబండిని గుద్దాడాయన. వెనక తలుపు మీద జానెడు గీత ఒక డాక్టరుగారిది. గోడని ఒరుసుకుంటూ పోతే పడిన ఆ గీత తర్వాత తుప్పు పట్టి, పక్క అద్దంలో చూస్తే చక్కగా కనపడేది. మాస్టారి పాఠం మొత్తం ఈ ఇద్దరు పెద్దమనుషుల మీదే నడిచేది.

"మేనేజరుని రోడ్డు అంచు మీద పెట్టండి. ఆఁ, అలాగే పోనివ్వండి. ఇప్పుడు వెనక్కి. అద్దంలో డాక్టరుగారిని చూడండి. డాక్టరుగారు స్తంభం పక్కకి రాగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పెయ్యండి. మేనేజరు ఎదుటి స్తంభం మీదికి వచ్చాడా? నిటారు చెయ్యండి. క్లచ్! క్లచ్!"

లైసెన్సు తీసుకుని, సొంత కారు కొనుక్కున్నవాళ్లు అప్పుడప్పుడు ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చేవారు. "మాస్టారూ, మీ బండి మీద భేషుగ్గా వచ్చేది. నా కారుతో కనపడ్డ గోడల్లా గుద్దుతున్నా."

"ఇప్పటి కార్లలో పస లేదండీ," అనేవాడు మాస్టారు జాలిగా. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందన్న సామెత ఆయన వినే ఉంటాడు. కానీ సామెతలు తన గురించి పుట్టాయనుకునే రకం కాదు. ఒక కాంట్రాక్టరైతే, "పోనీ నా కారుకి ఆ సొట్ట ఎక్కడ వేయించుకోవాలో చెప్పండి," అని ప్రాధేయపడ్డాడు. మాస్టారు అది హాస్యమనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇలా సాఫీగా పోతున్న సంసారానికి అడ్డుగా వీధి అవతల ఒక కొత్త స్కూలు వెలిసింది. తెల్లటి కారు, లోపల చల్లటి గాలి, సీట్లకి ఇంకా విప్పని ప్లాస్టిక్ కవర్లు. నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటడం మొదలుపెట్టారు. ఒకాయన ఫీజు కనుక్కోవడానికి వచ్చి, మాస్టారి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "పాపం, ప్రమాదం ఎప్పుడు జరిగిందండీ?" అని పరామర్శించి మరీ అవతలికి వెళ్లిపోయాడు. ఆ పరామర్శ మాస్టారికి ఎక్కడో గుచ్చుకుంది. బండికి రంగు వేయించి తీరాలనుకున్నాడు.

పెయింటింగ్ షెడ్డువాడు చెప్పిన ధర విని, అడిగింది రంగుకా లేక బండికేనా అని రెండుసార్లు కనుక్కుని, బండి తిప్పుకుని ఇంటికొచ్చేశాడు. అక్కడ బావమరిది కూర్చుని ఉన్నాడు. బల్లలకీ బీరువాలకీ పాలిష్ కొట్టడం అతని వృత్తి. గాలి మిషనూ, రంగు చిమ్మే గన్నూ అతనికి సొంతంగానే ఉన్నాయి. వాటికంటే ఎక్కువగా ఆత్మవిశ్వాసం ఉంది.

"బీరువాకి కొట్టినవాణ్ణి కారుకి కొట్టలేనా బావా? చక్రాలున్న బీరువా. అంతేగా!"

"పాడైతే?"

"ఇంకా ఏం పాడవుతుంది?" అన్నాడు బావమరిది, బండి వంక చూస్తూ. మాస్టారు అతన్ని వెంటబెట్టుకుని రంగుల కొట్టుకి బయల్దేరాడు.

రంగుల కొట్లో, ఎవరో కలపమని చెప్పి తీసుకెళ్లని డబ్బాలు ఒక మూల పడి ఉంటే, కొట్టువాడు సగం ధరకే ఇస్తానన్నాడు. మూత తీసి చూస్తే నిగనిగలాడే వంకాయ రంగు. "రాజసంగా ఉంది బావా," అన్నాడు బావమరిది. "మూత పెట్టించు," అన్నాడు మాస్టారు. గుమ్మం దాకా వెళ్లాక ధర గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి డబ్బాలు సంచిలో పెట్టించాడు.

ఇక మిగిలింది చాకిరీ. అసలు రంగు కొట్టడం చిటికెలో పని. దానికి ముందు రుద్దడమే తల ప్రాణం తోకకి తెస్తుంది. ఆ పని మాస్టారి భార్య మీద పడింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కుట్టినవి సంచిలో పెట్టుకుని, బస్సులో నిలబడి వెళ్లి ఇళ్లకి చేరవేస్తుంది. ఊళ్లో సగం మందికి కారు నడపడం నేర్పిన మనిషి భార్య బస్సు కమ్మీ పట్టుకుని వేలాడుతుంటే చూసేవాళ్లకి విడ్డూరంగానే ఉండేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఇక్కడ మాత్రం పెరట్లో ఉన్న మనిషికే మందు దొరకలేదు. "నాకూ నేర్పండీ," అని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో లెక్క లేదు. మాస్టారి జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: "ఈ డొక్కు మీద ఏం నేర్చుకుంటావు? కాస్త బాగుపడనీ."

ఈసారి ఆవిడ గట్టిగా పట్టుకుంది. "రంగు వేశాక నేర్పుతారా?"

"మొదటి క్లాసు నీకే," అన్నాడు మాస్టారు ఉదారంగా.

ఆవిడ నడుం బిగించింది. గరుకు కాగితాన్ని చెక్కముక్కకి చుట్టి, బకెట్లో ముంచి, బండి ఒళ్లంతా తడితడిగా రుద్దింది. తుప్పు ఊడొచ్చేదాకా రుద్దింది. పాత ప్లాస్టిక్ డబ్బా మూతని కత్తిరించి, దాంతో సొట్టల్లో పుట్టీ నింపింది. అది గట్టిపడ్డాక మళ్లీ రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూసేది. బట్టలో లోపలి కుట్టు ఎక్కడ ఉబ్బిందో ఆవిడ కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. రేకు దగ్గరా అదే విద్య. ఇంటి పక్క షెడ్డుకి పాత దుప్పట్లు అతికి గుడారంలా కుట్టి కట్టింది. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్లు చల్లింది. అద్దాలకి పాత పేపర్లు అతికించేటప్పుడు, టేపు ఆదా చేద్దామన్న తమ్ముణ్ణి, "అంచు సరిగ్గా రాకపోతే చొక్కాకి కాలరు వంకరగా కుట్టినట్టుంటుందిరా," అని కసిరింది.

మేనేజరు సొట్ట దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. "ఏమండీ, ఇది కూడా పూడ్చెయ్యాలా?"

"అన్నీ పూడ్చెయ్యి. గుర్తుకి కూడా ఒక్కటి మిగలకూడదు!"

ఆ మాటన్నప్పుడు మాస్టారి గొంతులో దర్పం వినాల్సిందే. ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసి, పుట్టీ కలుపుకుంది.

బావమరిది మొదటి పూత కొట్టిన తలుపు మీద రంగు ధారలు కట్టి కారింది. బీరువాని పడుకోబెట్టి కొడతాడట, కారు పడుకోలేదట. ఆవిడ ఆ తలుపుని మళ్లీ రుద్దింది. రెండో పూతకి అతనూ చెయ్యి తేలిక చేశాడు. పూత ఆరి, దుప్పట్లు దించాక, బండి నవనవలాడుతూ బయటపడింది. అరటిపండుకైనా ఒక మచ్చ ఉంటుందేమో గానీ, దానికి లేదు. వీధి అవతలివాడు పని మానుకుని గేటు దగ్గర నిలబడి చూశాడు. మాస్టారు అతనికి కనపడేలా బానెట్‌ని రుమాలుతో తుడిచాడు.

"మరి నా క్లాసు?" అంది భార్య.

"ఇంత కొత్త రంగు మీదా?" మాస్టారు నిజంగానే ఉలిక్కిపడ్డాడు. "కాస్త పాతబడనీ."

పాతగా ఉంటే డొక్కు, కొత్తగా ఉంటే ముచ్చట.  ఆవిడ సంచి భుజాన వేసుకుని బస్సుకి వెళ్లింది.

రంగు ఆరేదాకా క్లాసులు లేవు. ఆరీ ఆరగానే లైసెన్సు పరీక్ష రోజు వచ్చిపడింది. మాస్టారు మైదానానికి బండి తోలుకెళుతుంటే రెండుసార్లు చక్రం రోడ్డు అంచు దిగింది. టైర్లలో గాలి తేడా అనుకున్నాడు. ఆ రోజు పరీక్షకి వచ్చినవాళ్లు ఇద్దరు: ఒక నర్సు, ఒక మందుల షాపతను. నర్సమ్మకి ఇళ్లకి వెళ్లి రోగుల్ని చూసే ఉద్యోగం ఖాయమైంది. లైసెన్సు చేతికొస్తేనే చేరనిస్తారు.

ఆమె సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, బానెట్ వంక చూసింది. పక్క అద్దం చూసింది. మళ్లీ బానెట్ చూసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "మాస్టారూ, మేనేజరు ఏరీ?"

మాస్టారు నోరు తెరిచాడు. అందులోంచి క్లచ్ అన్న మాట కూడా రాలేదు.

"ఎవరమ్మా మేనేజరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నర్సమ్మ దేవుడి మీద భారం వేసి వెనక్కి తోలింది. స్తంభం పడింది. మందుల షాపతను, "డాక్టరుగారు కూడా లేరండీ," అని గొణుక్కుంటూ తోలితే రెండు పడ్డాయి. ఇన్‌స్పెక్టరు మంచివాడే. ఆయన మాటలో వెటకారం ఏమీ లేదు. "మీ బోర్డు నేనూ చూశాను మాస్టారూ. వీళ్లు కంగారు పడుతున్నట్టున్నారు. మీరొకసారి చేసి చూపించండి," అన్నాడు.

మాస్టారు చేసి చూపించాడు. స్తంభం చప్పుడు లేకుండా ఒరిగి, గడ్డిలో పడుకుంది.

బండికి ఒక్క గీత కూడా పడలేదు. ఇంజను ఆపి, మాస్టారు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లుగా తాను బండి నడపడం లేదని, రెండు మచ్చల వెనకాల పోతున్నానని ఇప్పుడు తెలిసొచ్చింది. ఆయనకి సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఈ విద్య తప్ప చేతిలో ఇంకో విద్య లేదు. ఇన్‌స్పెక్టరు స్తంభం లేపి నిలబెట్టి, "వచ్చే వారం మళ్లీ పెడతాను. అప్పుడూ ఇంతే అయితే ఆ ఎర్ర అక్షరాలు చెరిపించెయ్యండి. జనాన్ని మోసం చేసినట్టు ఉంటుంది," అన్నాడు.

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇంటికి రాగానే జరిగిందంతా విని, బావమరిది తేలిగ్గా తీసిపారేశాడు. "ఓస్, ఇంతేనా? ఆ రెండు చోట్లా టేపు ముక్కలు అంటిస్తే పోలా బావా?"

"పరీక్ష బండి మీద అంటించిన గుర్తులు ఉండకూడదు. రూలు. వీధి అవతలివాడి బండికి మొన్నే పీకేశాడు ఇన్‌స్పెక్టరు."

"మరి సొట్టలుంటే?"

మాస్టారు ఆలోచించాడు. "సొట్టల మీద రూలు లేదు."

లోపలికి వెళ్లి సుత్తి తెచ్చాడు. బానెట్ ముందు నిలబడ్డాక అసలు చిక్కు తెలిసింది. మేనేజరు ఎక్కడుండేవాడు? ఇంత కుడికా, అంత ఎడమకా? వంకాయ తొక్కలా నున్నగా మెరుస్తున్న రేకు మీద తన ముఖమే తనకి కనపడుతోంది. ఆ ముఖానికీ ఏమీ గుర్తు లేదు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య దిగి వచ్చింది. కళ్లు మూసుకుని, అరచెయ్యి బానెట్ మీద పెట్టి మెల్లగా జరిపింది. చెయ్యి ఒక చోట ఆగింది. "ఇదిగో మేనేజరు." వెనక తలుపు దగ్గరికి నడిచింది. "డాక్టరుగారు ఇక్కడ మొదలై, ఇదిగో, ఇక్కడ ఆగేవారు."

మాస్టారికి ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు, సుత్తి చాపాడు. "కొట్టు."

"నేనా? ఎన్ని రోజులు రుద్దానండీ దీన్ని! నా వల్ల కాదు."

"ఒరేయ్, నువ్వు కొట్టరా."

"నా రంగు బావా!" బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

మాస్టారే సుత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ వచ్చి ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుని, గోడ వారగా పెట్టింది. "తాళం ఇవ్వండి."

"ఎందుకు?"

"మేనేజరుగారు సుత్తితో వేశారా ఆ సొట్ట? డాక్టరుగారు ఉలి పెట్టి గీశారా? మీ దగ్గర నేర్చుకుంటూ వేశారు. నేనూ నేర్చుకుంటాను."

మాస్టారు ఈసారి పాత, కొత్త అనలేదు. జేబులోంచి తాళం తీసి ఇచ్చి, పక్క సీట్లో కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆవిడ మొదటిసారి స్టీరింగ్ ముందు కూర్చుంది. కుర్చీ ముందుకు జరుపుకుంది. అద్దం తన ముఖం కనపడకుండా తిప్పుకుంది. కుట్టుమిషను తొక్కిన కాలు గనక బండి మెత్తగానే కదిలింది. గేటు దాకా బాగానే వచ్చింది. అక్కడ గేటు రెక్క ఒకటి గాలికి లోపలికి ఊగింది. "క్లచ్! క్లచ్!" అని మాస్టారు అరిచాడు. ఆ అరుపుకి ఆవిడ బెదిరి క్లచ్ బదులు యాక్సిలరేటర్ నొక్కింది. రెక్కకి పొడుచుకొచ్చి ఉన్న ఇనప గడియ టంగుమని బానెట్ మీద దిగింది. కంగారులో స్టీరింగ్ ఒక పక్కకి లాగేసరికి, వెనక తలుపు గేటు స్తంభాన్ని కర్రుమంటూ ఒరుసుకుని ఆగింది.

"ఒక్క దెబ్బకి రెండు పిట్టలు," అన్నాడు బావమరిది. అక్క చూపు పడగానే నోరు మూసుకున్నాడు.

ఆవిడ తాళం తిప్పి ఇంజను ఆపింది. "తిట్టండి," అంది. మాస్టారు దిగి చుట్టూ తిరిగాడు. సొట్ట చూశాడు, గీత చూశాడు. ఆవిణ్ణి పక్కకి జరగమని తాను కూర్చుని, ఒక కన్ను మూసి బానెట్ మీదుగా రోడ్డు అంచుని చూశాడు. పక్క అద్దం చూశాడు.

"మేనేజరుకంటే నాలుగు వేళ్లు లోపలికి పడ్డావు," అన్నాడు చివరికి. "ఫర్వాలేదు. సరిపెట్టుకుంటాం."

ఆ వారమంతా ఖాళీ స్థలంలో కర్రలు పాతి, కొత్త సొట్టకి కొత్త లెక్క కట్టుకున్నాడు. నర్సమ్మా మందుల షాపతనూ పాత పాఠం మర్చిపోయి కొత్తది పట్టుకోవడానికి నానా అవస్థ పడ్డారు. "మేనేజరు లేడమ్మా, వెళ్లిపోయాడు. మాస్టారమ్మని చూడండి. ఆవిణ్ణి అంచు మీద పెట్టండి." ప్రతి రోజూ వాళ్లు వెళ్లాక మాస్టారమ్మకి క్లాసు జరిగేది. అక్కడ మాత్రం ఈ పాఠం పారలేదు. "నన్ను నేను చూసుకుంటూ ఎలా నడపనండీ, నవ్వొస్తుంది," అని ఆవిడ నేరుగా కర్రల్నే చూసి తోలేది. కర్రలు పడేవి, లేపేది, మళ్లీ తోలేది.

పరీక్ష రోజున నర్సమ్మ ఒక్క స్తంభాన్ని కూడా కదిలించలేదు. మందుల షాపతను మూడుసార్లు ఇంజను ఆపుకున్నా, స్తంభాలు మాత్రం నిలబడ్డాయి. ఎర్ర అక్షరాలు బతికాయి. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, పోతూ పోతూ బండి దగ్గర ఆగి, నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, పచ్చి రంగు మీద ఎవరండీ ఇంత పని చేశారు?"

"మా ఆవిడండీ," అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన ఇంతకు ముందు ఎవరితోనూ అంత గర్వంగా అనలేదు.

తర్వాత కొన్నాళ్లకి ఆవిడకీ లైసెన్సు వచ్చింది. ఆ సాయంత్రమే బావమరిది పుట్టీ డబ్బా పట్టుకుని దిగాడు. "మిగిలింది బావా. ఊరికే ఆ సొట్ట పూడ్చి, ఒక పూత కొట్టేస్తా. డబ్బులు కూడా వద్దు."

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా," అన్నాడు మాస్టారు.

ఆవిడ కుట్టిన బట్టల సంచి వెనక సీట్లో పెట్టి, తాళం కోసం చెయ్యి చాపింది. "మీరు రారా?"

మాస్టారు తాళం ఇచ్చి, గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచి, ఊగకుండా ఒకదాన్ని చేత్తో, ఒకదాన్ని కాలితో పట్టుకుని నిలబడ్డాడు. వంకాయ బండి ఆయన పక్కనుంచి మెత్తగా వెళ్లి, వీధి చివర బస్సు వెనకాల ఆగి, మలుపు తిరిగింది. అది కనపడకుండా పోయాక కూడా ఆయన క్లచ్, క్లచ్ అంటూనే ఉన్నాడు, పైకి వినపడకుండా.